పాత ల్యాప్‌టాప్‌కు ఏ ఓఎస్? ఫోన్‌కు అప్‌డేట్ ఎందుకు ఆగింది?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆపరేటింగ్ సిస్టమ్‌ల (ఓఎస్‌ల) చుట్టూనే తిరిగాయి. విండోస్ 10కి సపోర్ట్ ముగియడం అందుకు పెద్ద కారణం. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. కింద చెప్పిన వాటిలో డిస్క్ జోలికి వెళ్లే పని ఏది చేయాలన్నా ముందు మీ ఫైళ్లన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ కాపీలోంచి నాలుగైదు ఫైళ్లు తెరిచి, సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే పని మొదలుపెట్టండి.

ప్రశ్న: ఫోన్‌లో ఉండేది లినక్సేనని మా అబ్బాయి వాదిస్తాడు. సెట్టింగ్స్‌లో చూస్తే ఆండ్రాయిడ్ అని ఉంది. ఎవరి మాట నిజం? అసలు ఇన్ని ఓఎస్‌లకు ఒకదానితో ఒకటి సంబంధం ఉందా?

జవాబు: ఇద్దరి మాటా నిజమే. ఓఎస్‌లో అట్టడుగున ఉండే భాగం కెర్నల్. ప్రాసెసర్ సమయం ఏ ప్రోగ్రామ్‌కు ఎంత ఇవ్వాలి, ర్యామ్‌లో ఎవరి చోటు ఎక్కడ, డిస్క్‌ని, కెమెరాని, వై-ఫై చిప్‌ని ఎవరు ఎప్పుడు వాడుకోవాలి అన్నవన్నీ అదే చూసుకుంటుంది. లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ నిజానికి ఈ కెర్నల్ ఒక్కటే. దానికి డెస్క్‌టాప్, ప్రోగ్రాములు, సెట్టింగ్స్ జోడించి ఇచ్చేవి ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ లాంటి డిస్ట్రిబ్యూషన్లు. అదే కెర్నల్ మీద గూగుల్ తన లైబ్రరీలు, యాప్‌లను నడిపే రన్‌టైమ్, టచ్‌స్క్రీన్‌కు తగ్గ పైభాగం కట్టుకుంది. అది ఆండ్రాయిడ్. దానితో మొదటి ఫోన్ 2008లో వచ్చింది. క్రోమ్‌బుక్‌లలో ఉండే క్రోమ్ ఓఎస్ కూడా లినక్స్ కెర్నల్ మీద నడిచేదే.

ఆపిల్ వాళ్ల మ్యాక్ ఓఎస్, ఐఓఎస్‌లది వేరే దారి. వాటి అడుగున ఉండే డార్విన్‌కు యూనిక్స్‌తో నేరుగా చుట్టరికం ఉంది. యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో పుట్టింది. లినక్స్ యూనిక్స్ పద్ధతులను అనుసరించింది కానీ దాని కోడ్‌ను తీసుకోలేదు. విండోస్‌ది మూడో దారి. 95, 98, ఎంఈ వరకు ఇళ్లలో వాడిన విండోస్‌లు డాస్ మీద ఆధారపడినవి. 1993లో వచ్చిన ఎన్‌టీ కెర్నల్ వేరు. 2001లో ఎక్స్‌పీతో అది ఇళ్లలోకీ వచ్చింది. నేటి విండోస్ 11 ఆ ఎన్‌టీ కొనసాగింపే.

ఈ సంగతి తెలిస్తే కొనేటప్పుడు పనికొస్తుంది. కెర్నల్ వేరైతే డ్రైవర్ (ఒక పరికరాన్ని ఓఎస్ నడపడానికి కావాల్సిన ప్రోగ్రామ్) కూడా వేరే కావాలి. ప్రింటర్‌తో వచ్చిన విండోస్ డ్రైవర్ లినక్స్‌లో పనిచేయదు. ఏ ఓఎస్‌కు మారాలన్నా "నా ప్రింటర్‌కు, స్కానర్‌కు, వై-ఫైకి ఇందులో డ్రైవర్ ఉందా" అన్నదే అడగాల్సిన మొదటి ప్రశ్న.

ప్రశ్న: మాది 2016లో కొన్న ల్యాప్‌టాప్. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 10 ఉంది. విండోస్ 11కి ఈ కంప్యూటర్ పనికిరాదని చూపిస్తోంది. బ్రౌజింగ్, ఉత్తరాలు టైప్ చేసుకోవడం, వీడియోలు, అప్పుడప్పుడు ప్రింటు తీసుకోవడం, ఇంతే మా వాడకం. దీన్ని పక్కన పడేయాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. ఈ వాడకానికి ఆ మెషీన్ ఇంకా చాలా ఏళ్లు పనికొస్తుంది.

విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, సెక్యూర్ బూట్‌కు (నమ్మదగిన ఓఎస్‌నే లేవనిచ్చే ఏర్పాటు) వీలున్న యూఈఎఫ్ఐ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే కొత్త తరహా సాఫ్ట్‌వేర్), టీపీఎం 2.0 (రహస్య కీలను దాచే భద్రతా భాగం) ఉండాలి. ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి ఆ జాబితా మొదలవుతుంది. మీరు ఆగిపోయింది ప్రాసెసర్ దగ్గర. దానికి సెట్టింగ్‌లో మందు లేదు. ఈ తనిఖీని దాటవేసి ఎక్కించే పద్ధతులు చాలామంది చెబుతారు. మేం వాటిని సిఫార్సు చేయం. అలా ఎక్కించిన కంప్యూటర్లకు అప్‌డేట్లు ఇచ్చే బాధ్యత తనది కాదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. పైగా విండోస్ 11లోని 24హెచ్2 వెర్షన్ కొన్ని పాత ప్రాసెసర్ల మీద అసలు బూటే కాదు, అది అడిగే ఆదేశాలు వాటిలో లేవు.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలు మాత్రం పూడవు. ఇళ్లలో వాడేవాళ్లకు ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే పొడిగింపును 2026 అక్టోబర్ 13 వరకు ప్రకటించారు. అందుకు మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు ఉంటుంది. అది తాత్కాలికం, మారడానికి కాస్త వ్యవధి ఇస్తుందంతే.

ఓఎస్ ఏదైనా సరే, ముందు హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్) వేయించండి. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకే 11 మిల్లీసెకన్లు పడుతుంది. బూట్ అయ్యేటప్పుడు ఓఎస్ వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదువుతుంది. ప్రతిదానికీ డిస్క్ మీది ముల్లు అక్కడికి జరగాలి, ఆ చోటు తిరిగి కిందికి రావాలి. మీ ల్యాప్‌టాప్ నెమ్మదికి అసలు కారణం అదే కావచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ వాడకం చూడండి. ఏమీ చేయకపోయినా 100 శాతం దగ్గర నిలబడి ఉంటే ఇక అనుమానమే లేదు. 2016 నాటి ల్యాప్‌టాప్‌లకు మామూలుగా రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ సరిపోతుంది. కొన్ని సన్నటి మోడళ్లలో 7 మిల్లీమీటర్ల మందం దాటితే పట్టదు, అది చూసుకుని కొనండి.

ఆ తర్వాత లినక్స్ మింట్ వేసుకోండి. 8 జీబీ ర్యామ్‌కు సినమన్ ఎడిషన్ హాయిగా నడుస్తుంది. 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ మేలు. ఉత్తరాలకు లిబ్రేఆఫీస్, బ్రౌజింగ్‌కు ఫైర్‌ఫాక్స్ దానితోనే వస్తాయి. కేవలం బ్రౌజరే చాలనుకుంటే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఇంకా సులువు, కానీ అందులో ప్లే స్టోర్ ఉండదు. ఒక్క హెచ్చరిక. విండోస్‌లో మాత్రమే నడిచే అకౌంట్స్ ప్యాకేజీ, డిజిటల్ సంతకం పెట్టే యూఎస్‌బీ టోకెన్ లాంటివి మీకు రోజూ కావాలంటే లినక్స్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. విండోస్‌ను కూడా ఉంచుకోండి. ఎలాగో తర్వాతి జవాబులో ఉంది.

ఇదే ప్రశ్న అడిగిన మరికొందరి ప్రాసెసర్లు ఎనిమిదో తరం దాటినవే. అయినా "పనికిరాదు" అనే వస్తోంది. అలాంటి చోట తప్పు దాదాపుగా సెట్టింగ్‌దే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "టీపీఎం డాట్ ఎంఎస్‌సీ" అని టైప్ చేయండి. టీపీఎం దొరకలేదని వస్తే బయోస్‌లోకి (ఓఎస్ లేవకముందు తెరుచుకునే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్) వెళ్లి ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎమ్‌డీ అయితే ఎఫ్‌టీపీఎం అనే ఆప్షన్‌ను ఆన్ చేయండి. తర్వాత అదే రన్ డబ్బాలో "ఎంఎస్ఇన్ఫో32" కొట్టి బయోస్ మోడ్ అనే వరుస చూడండి. లెగసీ అని ఉంటే డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉన్నట్టు. బయోస్‌లో ఊరికే యూఈఎఫ్ఐకి మార్చేస్తే విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌లోనే ఉన్న "ఎంబీఆర్2జీపీటీ" టూల్‌ను అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో నడపండి. మొదట "స్లాష్ వ్యాలిడేట్ స్లాష్ అలౌఫుల్‌ఓఎస్" తో పరీక్ష, అది పాసైతే వ్యాలిడేట్ బదులు కన్వర్ట్. డిస్క్ మీద ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్‌లోని ప్రధాన విభాగాలు) మూడుకు మించి ఉంటే ఈ టూల్ ఒప్పుకోదు. మార్పిడి పూర్తయ్యాక, మళ్లీ విండోస్‌లోకి వెళ్లకముందే బయోస్‌లో యూఈఎఫ్ఐని, సెక్యూర్ బూట్‌ను ఆన్ చేయాలి.

ప్రశ్న: విండోస్ పోకుండా పక్కనే లినక్స్ వేసుకోవాలని ఉంది. ఒకసారి ప్రయత్నిస్తే ఇన్‌స్టాలర్‌కు మా ఎస్ఎస్‌డీనే కనిపించలేదు. మరోసారి విండోస్ ఏదో 48 అంకెల కీ అడిగింది. భయపడి ఆపేశాం. దయచేసి వరుసగా చెప్పండి.

జవాబు: ఆపడం మంచి పని. ఈ రెండు ఇబ్బందులకూ ఖాయమైన కారణాలున్నాయి. వాటిని ముందే సర్దుకుంటే డ్యూయల్ బూట్ (ఒకే కంప్యూటర్‌లో రెండు ఓఎస్‌లు) కష్టమేమీ కాదు.

48 అంకెల కీ అడిగింది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం. చాలా ల్యాప్‌టాప్‌లలో "డివైస్ ఎన్‌క్రిప్షన్" పేరుతో అది మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో బూట్ సెట్టింగ్ మారగానే ఎవరో డిస్క్‌ను తాకారని అనుమానించి కీ అడుగుతుంది. ఆ రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుంది. పని మొదలుపెట్టే ముందే దాన్ని వెతికి కాగితం మీద రాసిపెట్టుకోండి. కీ దొరక్కపోతే అసలు ముందుకెళ్లవద్దు. కీ చేతిలో ఉన్నాక బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. హోమ్ ఎడిషన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. ఇది ఆన్‌లో ఉంటే మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నల్ స్థితిని డిస్క్ మీద దాచిపెట్టుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో ఉన్న పార్టిషన్‌ను లినక్స్ చదవనిస్తుంది కానీ రాయనివ్వదు. బలవంతంగా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్" కొడితే హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ పోతాయి. హైబర్నేషన్ ఫైల్ ఆక్రమించిన చోటు కూడా ఖాళీ అవుతుంది.

ఇప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకోండి. లినక్స్‌కు కనీసం 40 జీబీ, కుదిరితే 100 జీబీ వదలండి. డ్రైవ్‌లో బోలెడంత ఖాళీ ఉన్నా "ఇంతకంటే తగ్గించలేం" అని వస్తే, మధ్యలో ఎక్కడో కదల్చలేని ఫైల్ ఉన్నట్టు. పేజ్‌ఫైల్‌ను, సిస్టమ్ రిస్టోర్‌ను తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. అక్కడ వచ్చిన ఖాళీ చోటును ఫార్మాట్ చేయవద్దు, అలాగే వదిలేయండి.

ఎస్ఎస్‌డీ కనిపించకపోవడానికి కారణం బయోస్‌లో స్టోరేజ్ మోడ్ రెయిడ్ లేదా ఇంటెల్ ఆర్ఎస్‌టీ అని ఉండటం. లినక్స్‌కు ఏహెచ్‌సీఐ అనే మోడ్ కావాలి. ఉన్నపళంగా మార్చేస్తే విండోస్ నీలి తెరతో "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటుంది, ఎందుకంటే ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను అది మొదట్లోనే తెచ్చుకోదు. అందుకని విండోస్‌లో "ఎంఎస్‌కాన్ఫిగ్" తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చండి. విండోస్ సేఫ్ మోడ్‌లో ఒకసారి లేస్తుంది, సరైన డ్రైవర్‌ను తగిలించుకుంటుంది. అప్పుడు ఆ టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి.

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. డిస్ట్రిబ్యూషన్ సొంత సైట్ నుంచే ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఒకే ఫైల్) తెచ్చుకోండి. సైట్‌లో ఇచ్చిన షా256 చెక్‌సమ్‌తో (ఫైల్ చెడిపోలేదని తేల్చే అక్షరాలు, అంకెల వరుస) పోల్చండి. డౌన్‌లోడ్ మధ్యలో ఒక్క ముక్క పాడైనా ఇన్‌స్టాలేషన్ 70, 80 శాతం దగ్గర చచ్చుబడుతుంది, కారణం మాత్రం తెలియదు. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీదికి రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. అది లైవ్ డెస్క్‌టాప్, డిస్క్‌ను ముట్టుకోకుండానే నడుస్తుంది. వై-ఫై కలవనివ్వండి, ఒక వీడియో ఆడించి శబ్దం వినండి, బ్రైట్‌నెస్ మీటలు నొక్కి చూడండి, మూత మూసి నిద్రపుచ్చి మళ్లీ లేపండి, ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయండి. ఎక్కువసార్లు ఇబ్బంది పెట్టేది కొన్ని బ్రాడ్‌కామ్ వై-ఫై చిప్‌లే. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. అప్పుడు మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ ఆ డ్రైవర్ తెచ్చి పెడుతుంది.

అన్నీ బాగుంటే ఇన్‌స్టాలర్‌లో "విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయి" అన్నదే ఎంచుకోండి. "డిస్క్ మొత్తం తుడిచేయి" అన్న ఆప్షన్ దాని పక్కనే ఉంటుంది, రెండుసార్లు చదివి నొక్కండి. చేత్తో పార్టిషన్లు చేసుకునేవాళ్లు ఇప్పటికే ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ను వాడుకోవాలి, ఫార్మాట్ చేయకూడదు. అందులోనే విండోస్ బూట్ ఫైళ్లున్నాయి. అంతా అయ్యాక కూడా నేరుగా విండోసే వస్తుంటే లినక్స్ ఎక్కలేదని అనుకోవద్దు. బయోస్ బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్ పైన ఉండిపోయింది. "ఉబుంటు" అన్న పేరును పైకి జరపండి. మింట్ వేసినా చాలాసార్లు అక్కడ ఆ పేరే కనిపిస్తుంది.

ప్రశ్న: డ్యూయల్ బూట్ చేశాక లినక్స్ నుంచి విండోస్‌కు వచ్చిన ప్రతిసారీ గడియారం కొన్ని గంటలు తప్పు చూపిస్తోంది.

జవాబు: మదర్‌బోర్డ్ మీది గడియారంలో విండోస్ స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) రాస్తుంది. ఒకరు రాసింది ఇంకొకరు తమ పద్ధతిలో చదువుకుంటారు. లినక్స్ టెర్మినల్‌లో "టైమ్‌డేట్‌సీటీఎల్" అనే కమాండ్‌కు "సెట్ లోకల్ ఆర్‌టీసీ 1" అన్న ఆప్షన్ (మాటల మధ్య హైఫన్లతో) ఇస్తే అదీ స్థానిక సమయమే వాడుతుంది. తేడా గంటల్లో కాక ఏళ్లలో ఉంటే, అంటే ఆన్ చేసినప్పుడల్లా ఏదో పాత సంవత్సరానికి వెళ్తుంటే, అది ఓఎస్ పని కాదు. బోర్డు మీది బ్యాటరీ అయిపోయింది. డెస్క్‌టాప్‌లలో అది సాధారణంగా సీఆర్2032. తేదీ తప్పితే వెబ్‌సైట్లు సర్టిఫికెట్ చెల్లదంటూ తెరుచుకోవు కూడా.

ప్రశ్న: నా ఫోన్, మా తమ్ముడి ఫోన్ ఒకే ఏడాది కొన్నాం, రెండూ ఆండ్రాయిడే. వాడికి కొత్త వెర్షన్ వచ్చింది, నాకు రాలేదు. ఐఫోన్‌లకైతే అందరికీ ఒకే రోజు వస్తుందట. ఎందుకీ తేడా?

జవాబు: ఐఫోన్‌లో చిప్, ఫోన్, ఓఎస్ మూడూ ఒకే సంస్థవి. 2015లో ఐఓఎస్ 9తో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021లో ఐఓఎస్ 15 కూడా అందింది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ కోడ్ విడుదల చేసింది మొదలు మీ ఫోన్‌కు చేరేదాకా చాలా చేతులు మారాలి. క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటి చిప్ తయారీదారులు ఆ వెర్షన్‌కు తగ్గట్టు డ్రైవర్లు సిద్ధం చేయాలి. ఫోన్ కంపెనీ తన సొంత హంగులన్నీ కలిపి పరీక్షించాలి. చిప్ తయారీదారు ఒక చిప్‌కు డ్రైవర్లు ఇవ్వడం ఆపేస్తే, ఫోన్ కంపెనీకి మనసున్నా పని కష్టమవుతుంది. ఒకే ఏడాది కొన్న రెండు ఫోన్లలో ఒకదాని చిప్ అప్పటికే పాతదై ఉండొచ్చు. ఈ చిక్కు తగ్గించడానికే గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ 8తో ట్రెబుల్ అనే మార్పు తెచ్చి, చిప్‌కు సంబంధించిన భాగాన్ని మిగతా ఓఎస్ నుంచి విడదీసింది. పరిస్థితి మెరుగైంది. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 నుంచి ఆ రెండు సిరీస్‌లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని కంపెనీలు ప్రకటించాయి. చౌక మోడళ్లలో ఇప్పటికీ చాలా తక్కువ.

వెర్షన్ నంబర్ కోసం అంత బెంగ పడకండి. అంతకంటే ముఖ్యమైనది సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర కనిపించే సెక్యూరిటీ ప్యాచ్ తేదీ. అది రెండు మూడు నెలల లోపుదైతే పాత వెర్షన్ అయినా పరవాలేదు. ఏడాది దాటిపోయి ఉంటే, ఎంత కొత్త వెర్షన్ పేరు రాసి ఉన్నా, ఆ ఫోన్‌లో డబ్బు లావాదేవీల యాప్‌లు పెట్టుకోకపోవడం మంచిది. కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్ల కంటే ముందు అడగాల్సింది సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు అన్నదే. ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాకుండా మామూలుగా మోడల్ విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది. రెండేళ్ల కిందటి మోడల్ తక్కువకు వస్తోందంటే అందులో రెండేళ్ల సపోర్ట్ అప్పటికే కరిగిపోయిందని అర్థం.

ప్రశ్న: అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో లీనియేజ్ ఓఎస్ వేయొచ్చంటున్నారు. వేయవచ్చా?

జవాబు: లీనియేజ్ అంటే ఆండ్రాయిడ్ కోడ్‌తో ఔత్సాహికులు తయారుచేసే ఓఎస్. మీ మోడల్ దాని అధికారిక జాబితాలో ఉంటేనే వేయవచ్చు. పేరు ఒకటే అయినా ప్రాంతాన్ని బట్టి లోపలి బోర్డు మారిపోతుంది. కోడ్‌నేమ్ (ఆ మోడల్‌కు తయారీలో పెట్టిన లోపలి పేరు) అక్షరం అక్షరం సరిపోవాలి. వేరే మోడల్‌ది ఎక్కిస్తే ఫోన్ మళ్లీ లేవకపోవచ్చు.

దానికి ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయాలి. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ఓఈఎం అన్‌లాకింగ్ లేకపోయినా, ఉండి నొక్కనివ్వకపోయినా మీ ఫోన్‌కు ఆ దారి మూసుకున్నట్టే. అన్‌లాక్ చేయగానే ఫోన్‌లోని డేటా అంతా చెరిగిపోతుంది. శామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ అనే భద్రతా గుర్తు శాశ్వతంగా మారిపోతుంది, పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినా అది వెనక్కి రాదు. ఫోన్ సాఫ్ట్‌వేర్ మారలేదని చూసే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్షలో అన్‌లాక్ చేసిన ఫోన్ తప్పుతుంది కాబట్టి చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. కొన్ని వీడియో సర్వీసుల్లో హెచ్‌డీ పోతుంది.

ఇంకో మాట చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. లీనియేజ్ వల్ల ఆండ్రాయిడ్ భాగం కొత్తదవుతుంది కానీ మోడెమ్ లాంటి చిప్‌ల లోపలి ఫర్మ్‌వేర్ తయారీదారు ఎక్కడ వదిలేశాడో అక్కడే ఉంటుంది. సెట్టింగ్స్‌లో కొత్త ప్యాచ్ తేదీ చూసి అన్ని లోపాలూ పూడాయనుకోకండి. పాటలు వినడానికి, పుస్తకాలు చదవడానికి, పిల్లలు నేర్చుకోవడానికి రెండో ఫోన్‌గా వాడుకుంటే లీనియేజ్ చాలా చక్కటిది. రోజూ చేతిలో ఉండే ఏకైక ఫోన్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

ప్రశ్న: 4 జీబీ ర్యామ్ వేయించాం. 3.2 జీబీయే వాడుకోగలం అని చూపిస్తోంది. షాపులో మోసపోయామా?

జవాబు: లేదు, మీది 32-బిట్ విండోస్ అయి ఉంటుంది. 32 బిట్‌లతో లెక్కపెట్టగలిగే చిరునామాలు 429 కోట్ల చిల్లర, అంటే సరిగ్గా 4 జీబీ. అందులోనే గ్రాఫిక్స్ కార్డ్ లాంటి పరికరాలకూ చిరునామాలు కేటాయించాలి. ఆ మేరకు ర్యామ్‌కు తగ్గుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి సిస్టమ్ టైప్ చూడండి. "32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్" అని ఉంటే 64-బిట్ ఓఎస్ వేసుకోవచ్చు. అప్‌గ్రేడ్ దారి లేదు, డిస్క్ మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఒకవేళ 64-బిట్ అనే ఉండి కూడా తక్కువ చూపిస్తుంటే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కొంత ర్యామ్ తనకు పెట్టుకుందన్నమాట.

32-బిట్ కాలం ఎలాగూ ముగుస్తోంది. ఐఓఎస్ 11తో 2017లో, మ్యాక్ ఓఎస్ కాటలీనాతో 2019లో ఆపిల్ 32-బిట్ యాప్‌లను ఆపేసింది. విండోస్ 11కి 32-బిట్ వెర్షన్ లేనే లేదు.

ప్రశ్న: విండోస్‌లో ఉన్న ఈఎక్స్ఈ ఫైల్ ఫోన్‌లో ఎందుకు తెరుచుకోదు?

జవాబు: ఆ ఫైల్‌లో ఉన్నవి ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లకు అర్థమయ్యే ఆదేశాలు. ఫోన్‌లో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. అదొక అడ్డంకి. ఫైల్ తెరవడానికి, తెర మీద గీయడానికి ఆ ప్రోగ్రామ్ విండోస్‌నే అడుగుతుంది, ఆ పిలుపులు ఆండ్రాయిడ్‌కు తెలియవు. ఇది అంతకంటే పెద్ద అడ్డంకి. లినక్స్ కంప్యూటర్లలో వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పిలుపులను అనువదించి చాలా విండోస్ ప్రోగ్రాములను నడిపిస్తుంది. ఫోన్‌లో ఈఎక్స్ఈ నడిపిస్తామని ప్రకటనలిచ్చే తెలియని యాప్‌ల జోలికి వెళ్లకండి.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో 40 జీబీకి పైగా ఖాళీ ఉంది. 6 జీబీ వీడియో కాపీ చేస్తే ఫైల్ మరీ పెద్దదంటోంది. ఇంకో పెన్‌డ్రైవ్ విండోస్‌లో బాగానే ఉంది, మ్యాక్‌లో పెడితే ఫైళ్లు కనిపిస్తాయి కానీ కొత్తవి వేయనివ్వదు.

జవాబు: మొదటిది ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంది. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీకి ఒక్క బైట్ తక్కువ వరకే ఉండగలదు, ఖాళీ ఎంతున్నా సరే. రెండోది ఎన్‌టీఎఫ్ఎస్. దాన్ని మ్యాక్ చదువుతుంది కానీ దాని మీద రాయదు. రెండింటికీ మందు ఒకటే, ఎక్స్‌ఫ్యాట్. ఫైళ్లు పక్కకు తీసుకుని, విండోస్‌లో పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్‌లో ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఫ్యాట్ అని మార్చండి. విండోస్, మ్యాక్, ఇటీవలి లినక్స్ మూడూ దాన్ని చదువుతాయి, రాస్తాయి. పాత టీవీలు, కారు స్టీరియోలకు మాత్రం ఎఫ్ఏటీ32 తప్ప వేరేది తెలియకపోవచ్చు. పాటల కోసం ఒక చిన్న పెన్‌డ్రైవ్‌ను అలాగే ఉంచుకోండి.

ఎక్స్‌ఫ్యాట్‌కు ఒక బలహీనత ఉంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లా అది మార్పుల చిట్టా రాసుకోదు. రాస్తుండగా లాగేస్తే ఫైళ్ల జాబితానే దెబ్బతినొచ్చు. లినక్స్‌లో కాపీ పూర్తయినట్టు చూపించినా డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండి మెల్లగా పెన్‌డ్రైవ్‌లోకి జారుతుంటుంది. అందుకే ఏ ఓఎస్‌లోనైనా ఇజెక్ట్ నొక్కి, ఇక తీయవచ్చు అని వచ్చాకే తీయండి. 64 జీబీ పెన్‌డ్రైవ్ విండోస్‌లో 59 జీబీయే చూపిస్తే అది లోపం కాదు. తయారీదారు జీబీకి వంద కోట్ల బైట్లు లెక్కేస్తాడు, విండోస్ 107 కోట్లకు పైగా లెక్కేస్తుంది.

ప్రశ్న: మా స్మార్ట్ టీవీ కొని ఆరేళ్లయింది. బొమ్మ బాగానే ఉంది కానీ యాప్‌లు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తున్నాయి. టీవీలో కూడా ఓఎస్ ఉంటుందా? కొత్తది ఎక్కించవచ్చా?

జవాబు: ఉంటుంది. శామ్‌సంగ్ టీవీల్లో టైజెన్, ఎల్‌జీ టీవీల్లో వెబ్ఓఎస్, ఇంకా చాలా కంపెనీల టీవీల్లో ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ. మూడూ లినక్స్ కెర్నల్ మీద కట్టినవే. తయారీదారు అప్‌డేట్లు ఆపేశాక యాప్ కంపెనీలు కూడా ఆ పాత వెర్షన్‌ను వదిలేస్తాయి. టీవీలో వేరే ఓఎస్ ఎక్కించడానికి మామూలు వినియోగదారుకు దారి లేదు. ముందు సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. లేకపోతే హెచ్‌డీఎంఐకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోండి. ఇక టీవీ తెరలా మాత్రమే పనిచేస్తుంది, ఓఎస్ బాధ్యత స్టిక్‌ది. స్టిక్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ పోర్ట్ నుంచి ఇస్తే కొన్ని టీవీల్లో చాలక మధ్యమధ్య రీస్టార్ట్ అవుతుంది. దానితో వచ్చిన అడాప్టర్‌నే వాడండి. ఆ తర్వాత టీవీ సొంత వై-ఫై కనెక్షన్‌ను సెట్టింగ్స్‌లో తీసేయండి. ప్యాచ్‌లు రాని పరికరం నెట్‌కు అతుక్కుని ఉండాల్సిన అవసరం లేదు.